అడవిని నడిపేవారికి శిక్షణ

జాతీయ పార్కులను, అభయారణ్యాలను నడిపే బాధ్యత మన దేశంలో రాష్ట్రాల అటవీశాఖలది. పులుల అభయారణ్యానికి ఫీల్డ్ డైరెక్టర్ ఉంటారు. ఆయన కింద డివిజన్లను చూసే డీఎఫ్‌వోలు, వారి కింద రేంజర్లు, సెక్షన్ అధికారులు, బీట్ అధికారులు ఉంటారు. అందరికన్నా కింద బేస్ క్యాంపుల్లో వండుకు తింటూ రాత్రింబవళ్లు అడవిలో తిరిగే వాచర్లు ఉంటారు. వేటగాళ్ల ఉచ్చులు ఏరించడం, వేసవిలో కార్చిచ్చును ఆపడం, జంతువులు తాగే సాసర్ పిట్లు ఎండితే వాటిలోకి నీళ్లు చేర్చడం వీరందరి పని. పులి ఎత్తుకుపోయిన దూడకు పరిహారం ఇప్పించాలి, కోర్టులో కేసు నిలబెట్టాలి, పర్యాటకులను అదుపు చేయాలి, పార్కు అంచు గ్రామాలతో సఖ్యంగా మెలగాలి. ఇన్ని పనులకు ఒక మనిషిని ఎలా సిద్ధం చేయాలన్నదే ఇక్కడి ప్రశ్న. అడవులకు ఇచ్చే నిధుల గురించి, చట్టాల గురించి, కెమెరాల గురించి జరిగినంత చర్చ దీని గురించి జరగలేదు.

డెహ్రాడూన్‌లో 1878లో మొదలైన అటవీ పాఠశాల బ్రిటిష్ పాలకుల కలప అవసరాల నుంచి పుట్టింది. రైలు పట్టాల కింద పరిచే స్లీపర్లకు దేవదారు, సాల వృక్షాలు కావాలి. నిర్మాణాలకు టేకు కావాలి. చెట్టు చుట్టుకొలత తీయడం, ఏ ఏడు ఏ కూపు నరకాలో తేల్చడం, వర్కింగ్ ప్లాన్ రాయడం నాటి అటవీ అధికారి నేర్చుకున్న విద్య. ఆ చదువులో జంతువు వేట లైసెన్సుల రూపంలోనే కనిపించేది. ఏ బ్లాకులో ఏ కాలంలో ఎన్నింటిని కాల్చవచ్చో చూసుకోవడమే వన్యప్రాణి పాలన. నేటి కార్బెట్ పార్కు 1936లో హెయిలీ పేరుతో దేశంలో తొలి జాతీయ పార్కుగా ఏర్పడింది. 1966లో భారత అటవీ సర్వీసు కొత్త రూపం దిద్దుకుంది. అయినా ఈ చూపు పెద్దగా మారలేదు. కలప ఆదాయం తెచ్చే డివిజన్‌కు దక్కిన గౌరవం అభయారణ్యానికి దక్కలేదు. ఆ పాత విలువల నీడ నేటి బదిలీల మీద కూడా ఉంది.

మలుపు 1970ల్లో వచ్చింది. 1972 గణనలో దేశంలోని పులులు 1,827 అని తేలింది. అదే ఏడాది వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1973 ఏప్రిల్ 1న తొమ్మిది అభయారణ్యాలతో ప్రాజెక్టు టైగర్ మొదలైంది. కైలాస్ సంఖలా దానికి తొలి డైరెక్టర్. పార్కు నిర్వహణనే ప్రధానంగా నేర్పే సంస్థ అప్పటికి దేశంలో లేదు. అప్పటి ఫీల్డ్ డైరెక్టర్లు అడవిలోనే నేర్చుకున్నారు. ఒడిశాలోని సిమ్లిపాల్‌లో సరోజ్ రాజ్ చౌదరి, మధ్యప్రదేశ్‌లోని కన్హాలో హెచ్.ఎస్. పన్వర్ ఆ తరానికి చెందినవారు.

కన్హాలో జరిగింది వివరంగా చెప్పుకోదగినది. గట్టినేల మీద బతికే బారాసింగా జింకలకు అప్పట్లో ప్రపంచంలో మిగిలిన ఏకైక చోటు కన్హా. 1970 నాటికి అక్కడ మిగిలినవి 66. వేట ఒక్కటే కారణమైతే కాపలా పెంచితే సరిపోయేది. అసలు చిక్కు గడ్డి దగ్గర ఉంది. ఈ జింక గడ్డి మైదానం మీదే ఆధారపడి బతుకుతుంది. పొడవాటి గడ్డిలో దాక్కుని ఈనుతుంది. పశువుల మేత వల్ల, ఏటా తగలబెట్టడం వల్ల ఆ గడ్డి నిలవలేదు. స్విట్జర్లాండ్‌కు చెందిన యువ పరిశోధకుడు క్లాడ్ మార్టిన్ 1970ల తొలినాళ్లలో అక్కడే ఉండి ఈ సంగతులు పరిశోధించారు. పార్కు యంత్రాంగం నిప్పును అదుపు చేసింది, లోపలి గ్రామాలను బయటికి తరలించింది, కంచె వేసిన ఆవరణలో కొన్ని జింకలను పెంచింది. ఊళ్లు ఖాళీ అయిన చోట పొలాలు గడ్డి మైదానాలుగా మారాయి. తర్వాతి దశాబ్దాల్లో బారాసింగాల సంఖ్య వందల్లోకి చేరింది. పరిశోధకుడు చెప్పింది విని, దాన్ని పనిగా మార్చి, ఏళ్ల తరబడి పట్టు వదలకుండా చేయించగల అధికారి ఉండబట్టే ఇది సాధ్యమైంది. ఆ తరలింపులో ఊళ్లు వదిలిన ఆదివాసులు చెల్లించిన మూల్యాన్ని కూడా ఈ విజయం పక్కనే రాసుకోవాలి.

దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో నడిచిన ఉదంతం రాజస్థాన్‌లోని భరత్‌పుర్. కేవలాదేవ్ చిత్తడినేల జాతీయ పార్కు అయ్యాక 1982లో అక్కడ గేదెల మేతను నిషేధించారు. చుట్టుపక్కల ఊళ్లవారు తిరగబడ్డారు. పోలీసు కాల్పుల్లో గ్రామస్థులు ప్రాణాలు కోల్పోయారు. మేత ఆగితే పక్షులకు మేలు జరుగుతుందన్నది ఆ నిర్ణయం వెనుక ఉన్న నమ్మకం. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్తలు వి.ఎస్. విజయన్ నాయకత్వంలో పదేళ్లు చేసిన అధ్యయనంలో ఇందుకు విరుద్ధంగా తేలింది. గేదెలు తినడం మానేసిన గడ్డి నీటిని కమ్మేసింది. బాతులు ఈదే చోటు తగ్గింది, చేపలు తగ్గాయి, వాటి మీద బతికే పక్షులూ తగ్గాయి. చిత్తశుద్ధి ఉన్న అధికారులే ఆ నిర్ణయం తీసుకున్నారు. వారికి లేనిది ఆ నేల గురించిన చదువు. మనుషుల ప్రాణాలు పోయిన ఈ పాఠం ప్రతి శిక్షణార్థి ముందు ఉండాలి.

ఈ చదువు కోసమే 1982లో డెహ్రాడూన్‌లో భారత వన్యప్రాణి సంస్థ ఏర్పడింది. కన్హాలో పనిచేసిన పన్వర్ తొలి దశలోనే దానికి డైరెక్టర్ అయ్యారు. ఐక్యరాజ్యసమితి సంస్థల సహకారంతో వచ్చిన అలన్ రోడ్జర్స్ అంతకుముందు టాంజానియాలోని సెలూ అడవుల్లో పరిశోధన చేసినవారు. దేశాన్ని జీవభౌగోళిక మండలాలుగా విభజించి ఎక్కడ ఏ రక్షిత ప్రాంతం అవసరమో సూచిస్తూ ఈ ఇద్దరూ కలిసి 1988లో ఇచ్చిన నివేదిక చాలాకాలం విధానాలకు ఆధారంగా నిలిచింది. ఏసీఎఫ్ (అసిస్టెంట్ కన్జర్వేటర్), ఆపై హోదా అధికారులకు దాదాపు పది నెలల డిప్లొమా, రేంజర్లకు మూడు నెలల సర్టిఫికెట్ కోర్సు ఇక్కడ ప్రధానమైనవి. నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, శ్రీలంక వంటి దేశాల అధికారులు కూడా వీటికి వచ్చారు.

ఈ కోర్సుల బలం తరగతి గది బయట ఉంది. జంతువుల లెక్క తీయడం, మలాన్ని బట్టి ఆహారం గుర్తించడం, మత్తుమందు తూటా మోతాదు నిర్ణయించడం, ఒక పార్కుకు నిర్వహణ ప్రణాళిక రాయడం అడవిలో ఉండి చేయిస్తారు. విశ్వాస్ సావర్కర్ వంటి అనుభవజ్ఞులు ప్రణాళిక రచనను ఒక శాస్త్రంగా తీర్చిదిద్దారు. సమస్య ఏమిటి, దానికి కారణం ఏమిటి, చేసే పనివల్ల మార్పు వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది అన్న మూడు ప్రశ్నలను ప్రతి పేజీలో అడగడం ఆ శిక్షణ సారం. చెక్‌డ్యాం కట్టామని నివేదిక రాయడం తేలిక. ఆ చెక్‌డ్యాం వల్ల దుప్పులు పెరిగాయా, లేక వాటితోపాటు వేటగాళ్లకూ పొంచి ఉండే చోటు దొరికిందా అని అడగడం నేర్పితేనే వస్తుంది.

ఇలాంటి ప్రయత్నం ఆఫ్రికాలో రెండు దశాబ్దాల ముందే జరిగింది. 1960ల ఆరంభంలో అక్కడి దేశాలు వరుసగా స్వతంత్రమయ్యాయి. సెరెంగెటి వంటి పార్కుల్లో వార్డెన్లంతా యూరోపియన్లే. వారు వెళ్లిపోతే పార్కుల గతి ఏమిటన్న ఆందోళన పట్టుకుంది. 1961లో అరూషాలో జరిగిన సదస్సులో టాంగన్యికా నేత జూలియస్ న్యెరేరే వన్యప్రాణుల రక్షణకు తమ ప్రజల తరఫున మాట ఇస్తూనే, అందుకు శిక్షణ పొందిన మనుషులూ డబ్బూ కావాలని, ఇతర దేశాలు సహకరించాలని స్పష్టం చేశారు. 1963లో కిలిమంజారో పర్వతం వాలున మ్వేకా గ్రామంలో ఆఫ్రికా వన్యప్రాణి నిర్వహణ కళాశాల తెరుచుకుంది. బ్రూస్ కిన్‌లాక్ దాని స్థాపనకు చొరవ తీసుకున్నారు. హ్యూ లాంప్రీ తొలి ప్రిన్సిపల్. ఫ్రెంచి మాట్లాడే దేశాల కోసం 1970లో కామెరూన్‌లోని గారువాలో మరో పాఠశాల వచ్చింది.

మ్వేకా చదువులో సగం అడవిలోనే సాగేది. తుపాకీ వాడకం, వాహనం బాగుచేయడం, దారి వేయడం, జంతుశాస్త్రం, చట్టం అన్నీ కలిపి నేర్పేవారు. పట్టా తీసుకున్నవారు తూర్పు, దక్షిణ ఆఫ్రికా దేశాల పార్కుల్లో వార్డెన్లుగా చేరారు. విదేశీ ఉపకార వేతనంతో అమెరికాలో చదివి వచ్చిన పెరెజ్ ఒలిండో 1966లో కెన్యా జాతీయ పార్కులకు తొలి ఆఫ్రికన్ డైరెక్టర్ అయ్యారు. ఈ అనుభవంలో గమనించాల్సింది ఒకటుంది. అక్కడ ముందు పోస్టు గుర్తించి, దానికి తగిన మనిషిని తయారు చేశారు. కళాశాల తలుపు దాటిన వెంటనే ఆ మనిషి చేతికి ఒక పార్కు వచ్చింది. మన దగ్గర తెగిపోయిన లంకె సరిగ్గా ఇదే.

ఆ తెగిన లంకె ఖరీదు సరిస్కాలో బయటపడింది. 2004 లెక్కల్లో ఆ రాజస్థాన్ అభయారణ్యంలో 16 నుంచి 18 పులులు ఉన్నట్టు చూపారు. 2005 వచ్చేసరికి ఒక్కటీ లేదని తేలింది. వేటగాళ్లు అన్నింటినీ చంపేశారు. డెహ్రాడూన్‌లో శిక్షణ సంస్థ ఏర్పడి అప్పటికి 20 ఏళ్లు దాటింది. దేశం సిగ్గుపడిన ఆ ఘటన తర్వాత పర్యావరణవేత్త సునీతా నారాయణ్ అధ్యక్షతన టైగర్ టాస్క్‌ఫోర్స్ నియమించారు. చట్టాన్ని సవరించి జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థను ఏర్పాటు చేశారు. పాదముద్రల గణన పోయి కెమెరా ట్రాపులు, గణాంక పద్ధతులు వచ్చాయి. ఇంత జరిగాక కూడా 2009లో మధ్యప్రదేశ్‌లోని పన్నాలో పులులు పూర్తిగా అంతరించాయి. కింది సిబ్బంది అడవి తిరగడం మానేసి, పై అధికారులు పాత అంకెలనే నమ్ముతూ కూర్చుంటే ఏ పద్ధతీ పులిని కాపాడలేదు.

పన్నాలో ఆ తర్వాత జరిగింది నాయకత్వ శిక్షణలో తప్పక చెప్పాల్సిన పాఠం. 2009లో ఫీల్డ్ డైరెక్టర్‌గా వచ్చిన ఆర్. శ్రీనివాసమూర్తికి మిగిలింది కుంగిపోయిన సిబ్బంది, పార్కు మీద కోపంగా ఉన్న గ్రామాలు. బాంధవ్‌గఢ్, కన్హాల నుంచి రెండు ఆడపులులను, నవంబరులో పెంచ్ నుంచి ఒక మగపులిని తెచ్చారు. ఆ మగపులి కొద్దిరోజులకే పన్నా వదిలి తన పాత ఇంటి దిక్కుగా దక్షిణానికి నడక మొదలుపెట్టింది. సుమారు 70 మంది సిబ్బంది నాలుగు ఏనుగులతో దాదాపు నెల రోజులు దాని వెంట నడిచారు. ఊళ్లు, పొలాలు, రోడ్లు దాటుతూ పోతున్న పులికి గానీ, మనుషులకు గానీ ఏ హానీ జరగనివ్వలేదు. డిసెంబరు చివర్లో మత్తుమందిచ్చి వెనక్కి తెచ్చారు. ఆడపులి మూత్రాన్ని చెట్ల మీద చల్లి రెండూ కలిసేలా చూశారు. 2010 ఏప్రిల్‌లో తొలి పిల్లలు పుట్టాయి. తల్లి లేక మనుషుల చేతుల్లో పెరిగిన ఆడపులులను కన్హా నుంచి తెచ్చి అడవిలో వదలడం, అవి వేట నేర్చి పిల్లల్ని కనడం ఆ తర్వాతి అధ్యాయం.

పన్నాలో ఇప్పుడు పదుల సంఖ్యలో పులులున్నాయి. అక్కడ వాడిన రేడియో కాలర్లు, మందులు, జీపులు ఇతర చోట్లా ఉన్నాయి. తేడా తెచ్చింది ఆ నెల రోజుల నడక. పులిని పోగొట్టుకున్న సిబ్బందే మళ్లీ ఒక పులి వెంట పగలూ రాత్రీ నడిచి దాన్ని దక్కించుకున్నారు. ఆ నడకతో వారికి తమ పని మీద నమ్మకం తిరిగొచ్చింది. జనం మద్దతుతోనే పులి రక్షణ అన్న నినాదంతో చుట్టుపక్కల ఊళ్లవారిని ప్రకృతి శిబిరాలకు రప్పించారు. ఫీల్డ్ డైరెక్టర్ ఏళ్ల తరబడి అదే పోస్టులో ఉండగలిగారు కాబట్టే ఇవన్నీ కుదిరాయి. ఏడాదిన్నరకే బదిలీ అయి ఉంటే తొలి పిల్లలు పెద్దవయ్యే సమయానికి ఆ బృందానికి నాయకుడే ఉండేవారు కాదు.

నిర్వహణను తూచే పద్ధతులు మెరుగయ్యాయి. 2006 నుంచి పులుల అభయారణ్యాలకు నిర్వహణ సమర్థత మూల్యాంకనం జరుగుతోంది. 2010లో వచ్చిన ఎం-స్ట్రైప్స్ వ్యవస్థతో బీట్ అధికారి నడిచిన దారి, చూసిన జాడ, ఏరిన ఉచ్చు ఫోన్‌లో నమోదవుతాయి. 2022 గణనలో సిబ్బంది కాలినడకన 6,41,449 కిలోమీటర్లు తిరిగారు, 32,588 చోట్ల కెమెరాలు పెట్టారు. దేశంలో పులుల సంఖ్య సగటున 3,682 అని అంచనా వేశారు. 2006లో ఆ అంచనా 1,411. ఇంత సమాచారం పోగుపడుతున్నా దాన్ని చదివి రేపు గస్తీ ఎటు పంపాలో నిర్ణయించడం చాలా రేంజి కార్యాలయాల్లో ఇంకా అలవాటు కాలేదు. సర్వర్‌కు అంకెలు పంపడంతో పని అయిపోయిందని అనుకుంటున్నారు. ఏ లోయలో మూడు నెలలుగా ఎవరూ కాలు పెట్టలేదో మ్యాపులో చూసి మరునాడే మనుషుల్ని పంపే రేంజర్ తయారైతేనే ఆ పరికరానికి ప్రయోజనం.

రేంజర్‌ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. ఫీల్డ్ డైరెక్టర్ దృష్టిలో అభయారణ్యం వేల చదరపు కిలోమీటర్ల మ్యాపు. బీట్ అధికారికి తన బీటే లోకం. ఈ రెండింటినీ కలిపేది రేంజర్. కొత్తగా చేరిన రేంజర్‌కు 18 నెలల శిక్షణ ఉంటుంది. అందులో మొక్కలు పెంచడం నుంచి సర్వే, లెక్కల పుస్తకాల దాకా అన్నీ ఉంటాయి. వన్యప్రాణులు అందులో ఒక భాగం మాత్రమే. తరగతిలో చెప్పని పనులు పోస్టులోకి వచ్చాక మీద పడతాయి. పులి మనిషిని చంపిన ఊరికి మొదట చేరేది రేంజరే. అక్కడ శవం పక్కన కూర్చున్న కుటుంబంతో ఏం మాట్లాడాలి, కోపంతో కర్రలెత్తిన గుంపును ఎలా శాంతింపజేయాలి, అదే సమయంలో పులి జాడను ఎలా కాపాడాలి అన్నవి నేర్చుకోవాల్సిన విద్యలే.

న్యాయస్థానం మరో పరీక్ష. వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 50వ సెక్షన్ కింద అధికారం పొందిన ఏసీఎఫ్, ఆపై హోదా అధికారి సాక్ష్యం నమోదు చేయవచ్చు. నిందితుడి సమక్షంలో నమోదైతే అది విచారణలో చెల్లుతుంది. పోలీసులకు లేని వెసులుబాటు ఇది. కానీ పంచనామాలో తేదీ తప్పినా, స్వాధీనం చేసుకున్న చర్మానికి సరిగా సీలు వేయకపోయినా, నమూనా ప్రయోగశాలకు ఆలస్యంగా వెళ్లినా కేసు వీగిపోతుంది. వేటగాడు బయటికొచ్చి అదే అడవికి వెళ్తాడు. ఏటా నాలుగు రోజులు న్యాయమూర్తులు, ప్రభుత్వ న్యాయవాదులతో కలిసి పాత కేసులు చదివించే శిక్షణకు అయ్యే ఖర్చు అతి స్వల్పం.

ప్రజల నమ్మకం సంపాదించడం పాఠ్యపుస్తకానికి అందని విషయమని అనుకుంటారు. రాజమహేంద్రవరంలో పుట్టి కర్ణాటక అటవీశాఖలో పనిచేసిన పి. శ్రీనివాస్ జీవితం చూస్తే అదీ పద్ధతిగా చేయగల పనేనని అర్థమవుతుంది. గంధపుచెక్కల దొంగ వీరప్పన్ స్వగ్రామమైన గోపీనాథంలోనే ఆయన మకాం పెట్టారు. ఊరికి వైద్యం, నీరు అందేలా చూశారు, మారియమ్మ గుడి కట్టించారు. దొంగల ముఠాలో చేరిన యువకులను లొంగిపోయేలా ఒప్పించారు. లొంగిపోతానన్న కబురు నమ్మి ఆయుధం లేకుండా వెళ్లిన ఆయనను 1991 నవంబరు 10న వీరప్పన్ చంపేశాడు. ప్రభుత్వం మరణానంతరం కీర్తిచక్ర ఇచ్చింది. ఆ ఊరివారు ఇప్పటికీ ఆయనను తలచుకుంటారు.

అస్సాంలోని మానస్ పార్కు ఇదే దారిలో కోలుకుంది. బోడో ఉద్యమ అలజడి కాలంలో అక్కడి ఖడ్గమృగాలు పూర్తిగా పోయాయి. 1992లో యునెస్కో దాన్ని ప్రమాదంలో ఉన్న ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. 2003లో బోడోలాండ్ ప్రాదేశిక మండలి ఏర్పడ్డాక స్థానిక యువకులు, వారిలో ఒకప్పటి వేటగాళ్లు కూడా, కాపలా స్వచ్ఛందసేవకులుగా మారారు. బయటి నుంచి ఖడ్గమృగాలను తెచ్చి వదిలారు. 2011లో ఆ జాబితా నుంచి మానస్ బయటపడింది. కేరళలోని పెరియార్‌లో చెట్ల బెరడు దొంగిలించినవారే పర్యాటకులకు దారి చూపేవారయ్యారు. ఈ రెండు చోట్లా ఒకప్పుడు అడవిని దోచినవారే రక్షకులయ్యారు. అరెస్టు చేయాల్సినవాడితో కూర్చుని మాట్లాడే ఓర్పు ఉన్న అధికారులు ఉండటం వల్లే ఇది జరిగింది.

తెలుగు రాష్ట్రాలకు ఈ చర్చ దూరపుది కాదు. 3,568 చదరపు కిలోమీటర్లతో ఒకప్పుడు దేశంలో అతిపెద్దదైన నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం 2014 విభజనతో రెండయింది. కృష్ణకు దక్షిణాన పాత పేరుతోనే ఆంధ్రప్రదేశ్‌లో, ఉత్తరాన అమ్రాబాద్ పేరుతో తెలంగాణలో ఉంది. 1990ల్లో నక్సల్ ఉద్యమం వల్ల అటవీ సిబ్బంది చాలా చోట్ల అడుగుపెట్టలేని పరిస్థితి. ఆ తర్వాత బేస్ క్యాంపులతో, చెంచు వాచర్లతో రక్షణ మళ్లీ నిలదొక్కుకుంది. 2022 అంచనాలో ఆంధ్రప్రదేశ్‌లో 63, తెలంగాణలో 21 పులులు ఉన్నాయి. చెంచులు జాడ చూసి పులి ఎప్పుడు పోయిందో, దుప్పి ఎందుకు అరిచిందో చెప్పగలరు. వారు చాలావరకు తాత్కాలిక ఉద్యోగులే. వారి విద్యను రాసిపెట్టి కొత్త బీట్ అధికారులకు పాఠంగా చెప్పించే పని దూలపల్లిలోని తెలంగాణ అటవీ అకాడమీ, రాజమహేంద్రవరంలోని ఆంధ్రప్రదేశ్ అకాడమీ చేపట్టాలి. చెంచు పెద్దను శిక్షకుడి హోదాలో, శిక్షకుడి గౌరవవేతనంతో పిలవాలి.

ఆ విద్య విలువ కడప జిల్లాలో ఒకసారి రుజువైంది. 1900 తర్వాత కనిపించక అంతరించిందని అనుకున్న కలివికోడి అనే పక్షి 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు వెతుకుతుండగా దాన్ని పట్టి చూపింది స్థానిక వేటగాడే. లంకమల్లేశ్వర అభయారణ్యం అలా ఏర్పడింది. ఆ తర్వాత తెలుగుగంగ కాలువ తవ్వకాలు పొదల నేలను మింగబోతే మార్గం మార్చాల్సి వచ్చింది. కర్నూలు ప్రాంతంలోని రోళ్లపాడు ఇంకో రకం పాఠం. బట్టమేక పిట్ట కోసం ఏర్పడిన ఆ అభయారణ్యంలో ఇప్పుడు బట్టమేక కనబడదు. చుట్టూ సాగునీరు వచ్చి పంటలు మారాయి. పెరిగిన కృష్ణజింకలు చేలల్లో పడటంతో రైతులకు అభయారణ్యం అంటేనే కోపం వచ్చింది. మొక్కలు నాటడమే అడవి పని అని నేర్చినవారికి గడ్డినేల ఖాళీ స్థలంగా కనిపిస్తుంది. దాన్నీ కాపాడాల్సిన సంపదగా చూడటం నేర్పాలి.

కవ్వాల్‌ది వేరే కష్టం. 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన ఆ అడవికి మహారాష్ట్రలోని తడోబా, తిప్పేశ్వర్ వైపు నుంచి పులులు కాగజ్‌నగర్ మీదుగా వస్తాయి. ఆ దారిలో పత్తి చేలు, పోడు భూములు, ఊళ్లు ఉన్నాయి. 2020 నవంబరులో కుమురంభీం జిల్లాలో పులి దాడుల్లో మనుషులు చనిపోయారు. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవుల్లో విషప్రయోగం వల్ల పులి మృతిచెందింది. పోడు తగాదాల్లో రేంజి అధికారుల మీద దాడులు జరిగాయి. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఒక రేంజర్ ప్రాణాలే పోయాయి. 2006 అటవీ హక్కుల చట్టం ఎవరికి ఏ హక్కు ఇస్తుందో తెలిసి, దాన్ని గూడెంలో వారి మాటల్లో చెప్పగలిగే శిక్షణ అధికారికి కవచం వంటిది. హక్కు ఉన్నవారికి న్యాయం చేసిన అధికారి మాటనే హక్కు లేనివారు కూడా వింటారు.

అత్యవసర నిర్ణయాలకు కూడా సాధన కావాలి. 2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్ద గుమ్మడాపురం దగ్గర నాలుగు పులి పిల్లలు దొరికాయి. తల్లితో కలపడానికి అటవీ సిబ్బంది రోజుల తరబడి ప్రయత్నించారు. తల్లి రాలేదు. చివరికి పిల్లలను తిరుపతి జంతుప్రదర్శనశాలకు తరలించారు. ఎంతసేపు ఆగాలి, జనాన్ని ఎంత దూరంలో ఉంచాలి, పిల్లల్ని తాకినవారి వాసన ఎలా తగ్గించాలి అన్న ప్రశ్నలకు జాతీయ మార్గదర్శకాలు ఉన్నాయి. వాటిని సంఘటన జరిగిన రోజు తెరిచి చదవడం వేరు, ముందే అడవిలో నమూనా అభ్యాసం చేసి ఉండటం వేరు.

శిక్షణకు మనదేశంలో సంస్థలు, నిపుణులు, అనుభవం ఉన్నాయి. లోపం నియామకాల్లో ఉంది. పులుల అభయారణ్యాలకు శిక్షణ, ఆసక్తి ఉన్నవారినే పంపాలని కేంద్రం రాష్ట్రాలకు చెబుతూనే ఉంది. 2017-31 జాతీయ వన్యప్రాణి కార్యాచరణ ప్రణాళికలోనూ మానవ వనరుల ప్రస్తావన ఉంది. అయినా పది నెలల డిప్లొమా చేసి వచ్చిన అధికారి నర్సరీలకో, సామాజిక అడవులకో వెళ్లడం, అడవి జంతువుల పాఠం వినని అధికారి పార్కుకు రావడం మామూలైపోయింది. వన్యప్రాణి విభాగపు పోస్టును శిక్షగా చూసే ధోరణి పూర్తిగా పోలేదు. పిల్లల చదువులు, ఇంటి అద్దె, వైద్యం వంటి ఇబ్బందులు దీనికి కారణం. వాటిని తీర్చకుండా త్యాగం చేయమని అడగడం న్యాయం కాదు. కాంగోలోని విరుంగా పార్కులో 200 మందికి పైగా సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. ఆ పార్కు మరణించినవారి కుటుంబాలకు ఆసరా ఇచ్చే ఏర్పాటు చేసుకుంది. మన వాచర్లకు బీమా, బూట్లు, పాముకాటుకు మందు, సమయానికి జీతం అందడం శిక్షణలో భాగంగానే లెక్కించాలి.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు చేయగలిగిన పనులు కొన్ని వెంటనే చేయవచ్చు. కవ్వాల్, అమ్రాబాద్, నాగార్జునసాగర్-శ్రీశైలం పరిధిలోని ప్రతి రేంజి పోస్టుకు వన్యప్రాణి సర్టిఫికెట్‌ను తప్పనిసరి అర్హత చేయాలి. అక్కడికి వెళ్లినవారికి కనీసం మూడేళ్ల పదవీకాలం, పిల్లల చదువుకు జిల్లా కేంద్రంలో ప్రభుత్వ వసతి ఇవ్వాలి. ఖాళీగా ఉన్న బీట్లను ముందు ఈ మూడు అభయారణ్యాల్లో నింపాలి. పులులు కృష్ణను ఈది రెండు రాష్ట్రాల అడవుల్లోనూ తిరుగుతాయి కాబట్టి రెండు ఒడ్డుల రేంజర్లు, వాచర్లు ఏటా వేసవికి ముందు ఒకేచోట కలిసి శిక్షణ పొందాలి. వేటగాళ్ల సమాచారం, కెమెరా చిత్రాలు అక్కడే ఇచ్చిపుచ్చుకోవాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. రెండు అటవీశాఖల అధిపతులు సంతకం చేసిన ఒక ఉత్తర్వు చాలు. ఈ వేసవి మంటలు మొదలయ్యేలోపే ఆ ఉత్తర్వు రావాలి.